ఒక దారం మందం

మళ్ళీ ఇస్త్రీపెట్టె అటూ ఇటూ లాగుతున్నావేంటమ్మాయ్! రుద్దకు. ఎత్తి పెట్టు, ఎత్తి తియ్యి. గోరంత బొంత ముక్క అది, లాగితే సాగదూ? చీరకి చేసినట్టు చేస్తే ఎలా? ఎన్నిసార్లు చెప్పాను, ఉదయా?

నెల రోజులైంది నా పక్కన కూర్చోబట్టి. గుడ్డకి గంజి పెట్టి ఆరేశాకే కొయ్యమన్నాను, నేర్చుకున్నావు. మిషను ముక్క మూలని మింగకుండా ముందు ఒక పనికిరాని పేలిక మీద రెండు కుట్లు వేసి, అక్కణ్ణుంచి ముక్క మీదికి రమ్మన్నాను, అదీ వచ్చింది. మంచి చెయ్యే, కాదన్ను. మా అత్త చచ్చేదాకా నాతో ఈ మాట అనలేదు. నేను నా కోడలితో అంటున్నాను, దాచుకో.

మరి ఈ ముక్కలన్నీ కలిపిన బ్లాకు పొట్టిగా ఎందుకొస్తోందంటావా? వరసకి ఎనిమిది ముక్కలు, ఏడు కుట్లు. కుట్టుకి ఒక్క దారం మందం ఎక్కువ పోయినా చివరికొచ్చేసరికి గోరు వెడల్పు తగ్గిపోతుంది. పక్క బ్లాకుతో మూల కలవదు. మూల కలవని బొంత, మన దగ్గర కొనే చీరాల మేడమ్ ముట్టుకోదు. అందుకేగా నిన్ను రెండుసార్లు కాదంది.

ఏడవకు. గుడ్డ మీద పడితే మరక.

రేపు మూడోసారి వస్తోంది ఆవిడ. నీ మొగుడు శ్రీకృష్ణేమో రెండో మిషనుకి చోటు కూడా చూసిపెట్టాడు, ఆ కిటికీ పక్కన, మిరపకాయ బస్తాలున్న చోట. అమ్మకి కళ్ళు మసకలొచ్చాయి, ఉదయ చెయ్యి కుదిరితే చాలని ఊరంతా చెప్పుకొస్తున్నాడు. నీకొచ్చిన ఒంగోలు నర్సింగు సీటు సంగతి అడిగితే ఏమన్నాడు? వచ్చే ఏడు చూద్దామన్నాడా? సోమవారంలోగా చేరకపోతే సీటు పోతుందని వాడికి తెలీదా ఏంటి?

మా అమ్మ సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పి ఉండను. దర్శిలో మంచాన పడిందని కబురొచ్చింది. అప్పుడు నా ఒళ్ళో సగం బొంత ఉంది. ఇంత చిన్న ముక్కలు ఊళ్ళో ఇంకెవరి చేతికీ రావు కదా! "ఇవి కానిచ్చి వెళ్దువుగానిలే, పున్నమ్మా" అంది మా అత్త. మీ మావయ్య పొలానికి వెళ్ళిపోయాడు. కానిచ్చాను. ఒక్క మూల తప్పలేదు. దర్శిలో బస్సు దిగేసరికి అమ్మని కాటికి తీసుకెళ్ళిపోయారు.

నడిచే ఎద్దునే పొడుస్తారమ్మాయ్. పనిమంతురాలన్న పేరొచ్చిందా, ఇక గడప దాటనివ్వరు.

ఇలా చూడు. సూది పక్కన రేకు మీద ప్లాస్టరు ముక్క అంటించి, గుడ్డ అంచు దానికి ఆనించి కుట్టమన్నాను కదా. పాపం, చూపు తిప్పకుండా అలాగే కుడుతున్నావు. రోజూ పొద్దున నువ్వు వాకిలి చిమ్మేటప్పుడు ఆ ప్లాస్టరు పీకి ఒక్క దారం మందం అవతలకి అంటించి, రాత్రికి మళ్ళీ సరిగ్గా పెట్టేదాన్ని. నేనే. నెల రోజులూ.

నీకోసమే చేశాననుకున్నాను. చెయ్యి కుదరలేదంటే వాళ్ళే విసుగెత్తి ఒంగోలు పంపేస్తారని. అది నిజమే, ఒట్టు. కానీ నీ మొదటి వరస చూసిన రోజు నాకు భయమేసింది. ఇరవై ఏళ్ళ నా పని నీకు మూడు రోజుల్లో వచ్చేసిందే! ఈ ఇంట్లో నాకున్నది అదొక్కటే. అదీ నిజమే.

ఇటివ్వు ఇవాళ కుట్టిన ఆ బ్లాకు. స్కేలు పెట్టనీ.

అయ్యో. సరిగ్గా ఉందేంటి? నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయేంటి? ఈ పొద్దునా జరిపాను కదా... నా వెనకాలే ప్లాస్టరు సరిచేశావా? తెలిసే చేశావా? సీటు పోతుందని తెలిసీనా?

చేతకానిదానివన్న మాట పడలేకపోయావు. అంతేగా? అప్పుడు నేనూ అంతేనమ్మా. ఒక్క మూల చెడగొట్టి ఉంటే ఆ బొంత నా ఒళ్ళోంచి లాక్కుని పంపేసేవాళ్ళు. అమ్మని చూసుకునేదాన్ని. చెడగొట్టడానికి చెయ్యి రాలేదు.

పోనీ, రేపు ఆవిడ ముందు ఒక్క కుట్టు వంకరగా వేస్తావా? ఒక్కటంటే ఒక్కటి?

వెయ్యవులే. నాకు తెలుసు.

సరే, లే. ఆ చివర పట్టుకో, మిరపకాయ బస్తాలు ఇటు జరుపుదాం. మిషను పట్టాలిగా.