ఒక్క గడీ ఖాళీ లేని బోర్డు

మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి నాకు భయం మొదలైంది. టైం ఎందుకు గుర్తుందంటే, అప్పుడే మంగాయమ్మగారిని డయాలిసిస్ మిషన్‌కి కలుపుతన్నారు. ఆ టైం రాసింది నేనే.

టెక్నీషియన్ చిన్నారావు మావయ్య ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మాస్కు గడ్డం కిందుంది. ఆవిడ నవ్వుతా, "ఏట్రా చిన్నా, నీ సెయ్యి పెనంలా కాల్తంది?" అంది. "వేణ్నీళ్ళతో కడుక్కొచ్చానమ్మా" అన్నాడు. అని, మొహం భుజంలో దాచుకుని దగ్గాడు.

మా సెంటర్‌లో వేణ్నీళ్ళు రావు. గీజర్ పాడై నెలైంది.

అచ్ఛా, ఇంటికి పంపెయ్యొచ్చు కదా అంటారు మీరు. అదే చెప్తన్నాను, వినండి.

నేను ఎంబీయే చదివాను. నెహ్రూ నగర్‌లో ఈ ప్రైవేటు సెంటర్లో స్టాఫ్ హాజరు, డ్యూటీలు చూడ్డం నా పని. చలికాలం సెలవులు ఎక్కువైపోతన్నాయని మేనేజర్ సార్, హిందీ ఆయన, విసుక్కుంటే, ఐడియా నేనే ఇచ్చాను. గోడకి ఒక బోర్డు. పేరుకో వరస, రోజుకో గడి. వచ్చిన రోజు స్టార్ అంటించాలి. హోలీ దాకా ఒక్క గడీ ఖాళీ లేకపోతే మిక్సీ ప్రైజు. సార్ "వాహ్ బేటా" అన్నారు. తర్వాత ఆయనే ఇంకో మాట కలిపారు. కాంట్రాక్టులు రెన్యూ చేసేటప్పుడు ఈ బోర్డే చూస్తామని.

ఇంకేటుంది. పదకొండు మంది స్టాఫ్, ఇప్పుడు పదకొండు మందీ దగ్గుతన్నారు. టీ గదిలోకెళ్తే మాటలుండవు, దగ్గులే. నన్ను చూస్తే అవీ ఆపేస్తారు. ఊపిరి బిగబట్టి, మొహాలు ఎర్రగా అయిపోయి, నేను వెళ్ళేదాకా అలాగే నిలబడతారు.

గురువారం మంగాయమ్మగారి కుర్చీ ఖాళీ. శనివారం ఇంకో రెండు. ఆవిడ ఇప్పుడు వేరే ఆసుపత్రిలో, ఐసీయూలో ఉన్నారు. టెస్టులో ఫ్లూ అని తేలింది. మనకైతే నాలుగు రోజుల జ్వరం. వాళ్ళ ఒంట్లో తట్టుకునే శక్తి ఏటుంటాది చెప్పండి?

సార్ ఒక కాయితం పంపారు, ఆరోగ్యశాఖకి ఇవ్వాలట. స్టాఫ్‌లో ఎవరికీ జ్వరం, దగ్గు లేవని. కింద నా పేరు. రేపు సోమవారం సంతకం పెట్టాలి. "రిజిస్టర్‌లో ఒక్క సిక్ లీవ్ లేదు కదా, ఇందులో ఝూఠ్ ఏముంది?" అన్నారు. నిజమే, అబద్ధమేం లేదు. రిజిస్టర్ తీస్తే అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు.

పెట్టకపోతే? ఆరోగ్యశాఖ వాళ్ళొచ్చి స్టాఫ్ అందరికీ టెస్టులు చేస్తారు. ముందు దొరికేది మావయ్యే. మేముండే లాల్‌ఖదాన్‌లో మా పక్కింటాయన. ఈ ఉద్యోగం నాకు చెప్పిందీ ఆయనే. నెలాఖరుకి ఆయన కాంట్రాక్టు అయిపోతాది.

ఇంకోటుంది. అమ్మకి కూడా చెప్పలేదు.

ఆ మంగళవారం ఆరింటికి, పేషెంట్లు రాకముందు, ఆయన నా టేబుల్ దగ్గరకొచ్చాడు. "మాధవీ, ఒళ్ళంతా నొప్పులమ్మా. రెండ్రోజులు సెలవు రాస్తావా?" అన్నాడు. నేను తలెత్తకుండానే, "ఇంక పన్నెండు రోజులే కదా మావయ్యా, ఓపిక పట్టు" అన్నాను.

పట్టాడు.

రేపు ఆరింటి షిఫ్ట్ మళ్ళీ ఆయనదే. ఏడుగురు పేషెంట్లు. గేటు దగ్గర నిలబడి ఆయన్ని వెనక్కి పంపాలా? పంపితే ఎందుకని అడుగుతారు, అప్పుడు నేను అన్న మాట కూడా చెప్పాలి కదా. లేక సంతకం పెట్టేసి ఊరుకోవాలా? మీరైతే ఏటి చేస్తారు?