కొత్త గుమ్మానికి చేరిన కొలత

దాజీ పేట్‌లో పక్కింటి మరమగ్గం మోగుతోంది. బీడీలు చుడుతున్న నానమ్మ, బ్రౌజర్ కంపెనీలో పనిచేసే మనవరాలిని నిలదీసింది.

“కార్ఖానల బీడీలు చూసి తీసుకునే చెకర్ మంచి బీడీలను పనికిరావని తీసి, తనే అమ్ముకుంటున్నడని ఫోన్ల ఫిర్యాదు రాసిన. పంపే బటనే కనవడదు, ఏంది?”

“తప్పు మా బ్రౌజర్‌ది, నానమ్మా. నీ ఫారం పేజీ లోపలి పేజీ, దాన్ని ఫ్రేమ్ అంటం. దాన్ని నడిపే పని వేరే ప్రాసెస్‌కు మారినంక గూడ, కొత్త సైజు పాత ప్రాసెస్‌కే చెప్తుండె. అందుకే అడుగుభాగం తెగిపోతుండె.”

“నాతోని బీడీలు చుట్టిన సుగుణ కుంభారికి ఇల్లు మారినా, కార్ఖానోళ్లు ఆమె ఆకుకట్ట ఈడ్నే పడేసి పోయినట్టా?”

“గట్లనే! ఇప్పుడు ఫ్రేమ్ యాడికి పోతే సైజు ఆడికే పోయేటట్టు రాసిన. ఆ మార్పు నీ ఫోన్ల గూడ వచ్చింది, చూడు.”

నానమ్మ చేతులు తుడుచుకొని ఫోను అందుకుంది. అడుగున బటన్ నిండుగా కనిపిస్తోంది. గట్టిగా నొక్కింది.

“ముట్టిందట! సుగుణకు ఫోన్ కలుపు. కుంభారిల గూడ అందరు ఫిర్యాదు రాసి నొక్కాలె!”