వట్టివేరు వట్టిది కాదు

“తాతా, మా పెరట్లో నేల పగులిచ్చింది. అంత పెద్ద గోడ కట్టేరు కదా, నాగావళి ఏరు ఇంకా మా ఇంటికేసే వస్తాదేటి?”

గోడా? దాన్ని గోడంతావేటే అమ్మీ? మొన్న వరదకి సూసినావు కదా, పెళ్లిలో తాగినోడిలాగ మొదట ఒంగినాది, తరవాత బోర్లా పడ్డాది. ఏరు కొట్టి పడగొట్టినాదనుకుంతన్నారు ఊరోళ్లు. థూ! ఊరి నీరే ఎనకనుంచి తోసినాది. నానిన మట్టిలో నీరు బయటికెల్లడానికి గోడకి కన్నాలొగ్గాలా వద్దా? ఆ ఇంజినీరు బాబుతో సెప్పినాను, “బాబూ, దానికి ముక్కులెట్టండి, ఊపిరాడక సస్తాది” అని. నవ్వినాడు. ఆడి మెళ్లో కార్డుంది, నా మెళ్లో తువ్వాలుంది. ఎవడి మాట ఇంతారు?

ఏరు సంగతి నన్నడుగు. ఒకేడు నీరు గట్టెక్కబోతే, గట్టుకి ఈ వీపు ఆనించి మూడు రోజులు నిలబడిపోనాను. మూడేటి, నాలుగు. మీ మామ్మ గంజి తెచ్చి నోట్లో పోసీది. అది బతికుంటే “అబ్బే, రెండు గంటలే” అనీసేదనుకో, దానికి నానంటే ఎప్పుడూ తక్కువే. నువ్వు నాలుగనే రాసుకో.

అదిగో, ఏటి సెప్తన్నాను... ఆఁ, వట్టివేరు. ఆ తరవాత గట్టుని పట్టి నిలబెట్టినాది అదే. మీ మామ్మ పుట్టిల్లు శృంగవరపుకోట. అక్కడ్నించి గోతాముతో పిలకలు తెచ్చినాది. జానెడు ఎడంలో, గట్టు వాలుకి అడ్డంగా పాతినాము. గడ్డి పైకి నడుమెత్తే, వేరు మాత్రం మనిషి లోతు దిగిపోతాది. ఒకసారి నాను దుబ్బు పీకబోతే అవతల గట్టు కదిలినాది, ఒట్టు! దానికి ‘వట్టి’ అని పేరెట్టినోడు ఏటి గట్టున పుట్టినోడు కాదు.

ఆ గోడ కట్టినోళ్లేటి సేసినారు? పిచ్చిమొక్కలనీసి, మిషనెట్టి గట్టంతా గీకేసినారు. ఆళ్లని తిట్టి ఏటి లాభం, నువ్వు సేసిందేటి? మిషనోడికి టీ ఇచ్చి, “అన్నా, మా పెరడూ గీకెయ్, ఏరు బాగా కనబడతాది” అనలేదూ? కనబడతన్నాదా మరి? గుమ్మంలోకొచ్చి మరీ కనబడతాది, సూసుకో!

ఏడవకే, ఎర్రిదానా. ఆ గోతాం ఇప్పు. మా నూతి కాడ మీ మామ్మ పాతిన దుబ్బే, విడదీసి తెచ్చినాను. పగులు కాడ కాదు, కిందన, నీటికేసి పాతు. కానీ ఇను... వేరు దిగడానికి రెండు వానాకాలాలు పడతాది. అందాకా ఆ ఇంట్లో పడుకోకు. పిల్లల్నేసుకుని బేగి మా ఇంటికొచ్చీ.

నా వీపా? అది ఒంగిపోనాదే తల్లీ. లేకపోతే ఇప్పుడే ఎల్లి నిలబడిపోదును.

నీ కాపరం దుబ్బు కట్టాలి, మనిషి లోతు వేరు దిగాలి. ఏదీ, ఆ పార ఇలగియ్యి. అలగ కాదే, అడ్డంగా... అడ్డంగా పాతాలి...