కళ్ళారా చూసినవాళ్ళు

ఆదివారం మధ్యాహ్నం. ఒహాయోలో ఒక చిన్న ఊరు. వంటింటి బల్ల మీద, సైనిక శాఖ కొట్టేసిన వైకల్య పింఛను కోసం పెట్టుకునే అప్పీలు కాగితాలు. అటు మాజీ సైనికుడు వెర్లిన్, ఇటు అతని భార్య డోరీన్.

"ఒక్కటి చాలంటున్నాగా! మార్చిలో గరాజులో వచ్చింది చూశావుగా, అదొక్కటీ రాయి."

"ఒక్కటి రాస్తే మళ్ళీ కొట్టేస్తారు వెర్లిన్. వాళ్ళ ఉత్తరం చదివావా అసలు? ఇరాక్‌లో తలకి దెబ్బ తగిలిన మాట నిజమేనట. ఈ ఫిట్స్ దానివల్లే అనడానికి ఆధారం లేదట."

"దానివల్లే అయ్యుండొచ్చని డాక్టరు రాసిచ్చాడుగా."

"ఎప్పుడెప్పుడు వచ్చాయో కళ్ళారా చూసినవాళ్ళు కూడా రాయాలన్నాడు మన అప్పీలు చూసే ఆయన. శుక్రవారంతో గడువు సరి. చెప్పు, మార్చి తర్వాత?"

"రాలేదు."

"రాలేదా?"

"రాలేదంటే రాలేదు. కాఫీ ఉందా?"

"ఉంది. జూన్‌లో స్నానాలగదిలో పడ్డావ్. సబ్బు మీద కాలు జారిందన్నావ్."

"జారింది."

"కాలు జారితే నాలుక కొరుక్కుంటారా ఎవరైనా?"

"అబ్బ, పెద్ద వకీలు బయల్దేరింది! డోరీన్, ఆ కాగితం మీద ఎన్ని రాస్తే నా లైసెన్సు శవపేటికకి అన్ని మేకులు. తర్వాత స్కూలు బస్సు ఎవరు నడుపుతారు, నువ్వా?"

"డాక్టరుకి ఏం పని చేస్తున్నానని చెప్పావ్?"

"గోదాములో అని."

"వెర్లిన్!"

"మాత్రలు వేసుకుంటున్నాగా! వేసుకుంటే రాదన్నారు."

"వచ్చిందా, రాలేదా?"

"నన్నలా చూడకు."

"బస్సులో వచ్చిందా?"

"పిల్లలు లేరు. ఒట్టు, ఒక్కరూ లేరు. ఇంకా మొదటి స్టాపుకే చేరలేదు. మొన్న గురువారం. నోట్లో ఇనుము రుచి వచ్చింది, అంతే. కళ్ళు తెరిచేసరికి మొక్కజొన్న చేలో ఉన్నా. ఇంజను తిరుగుతూనే ఉంది."

"తర్వాత?"

"వెనక్కి తీసి రోడ్డెక్కించా. వెళ్ళి పిల్లల్ని ఎక్కించుకున్నా. ఒక్కొక్కళ్ళకీ గుడ్మార్నింగ్ చెప్పా డోరీన్, నవ్వుతూ. శుక్రవారం కూడా వెళ్ళా. ప్రతి మలుపులోనూ, ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని..."

"మరి రేపు?"

"వెళ్ళను. నావల్ల కాదు. పొద్దున్నే ఫోన్ చేసి..."

"పొద్దున్న కాదు."

"సరే. ఇప్పుడే. సూపర్‌వైజరు ఇంటికే చేస్తా. జ్వరం అనను, ఉన్నదున్నట్టు చెప్తా. ఫోనిటివ్వు."

"ఇదుగో. ముందు ఈ గురువారం సంగతి కూడా రాయనీ."

"అదెలా రాస్తావ్? బస్సులో నేనొక్కణ్ణే. ఆ ఒక్కదానికే సాక్షి లేదు. లైసెన్సూ పోతుంది, వాళ్ళూ నమ్మరు."

"రాస్తున్నా. గురువారం, ఉదయం ఆరూ యాభై. బస్సు రోడ్డు దిగింది. కిటికీలోంచి చూస్తే తల ఎడమవైపు వాలిపోయి ఉంది. కుడిచెయ్యి కొట్టుకుంది. రెండు నిమిషాల తర్వాత లేచాడు."

"రెండు నిమిషాలని నేను చెప్పలేదే! చెయ్యి సంగతి నాకే తెలీదు. నువ్వెలా..."

"నోరు విప్పాలంటే నాకూ భయమేసింది వెర్లిన్. బడి తెరిచిన రోజు నుంచీ కారేసుకుని నీ బస్సు వెనకే వస్తున్నాను."