ఆరు నిమిషాల చుక్కలు

శాసనసభ రికార్డుల గది. బల్లకి ఒక పక్క నాలుగుసార్లు గెలిచిన ఎమ్మెల్యే, రెండో పక్క ఈ నెలాఖరుకి రిటైరవబోతున్న సభా రిపోర్టరమ్మ.

"ఇంతేనా?"

"ఇంతేనండీ."

"ఇరవై ఏళ్లమ్మా! నాలుగుసార్లు గెలిచానమ్మా! సభలో నేను మాట్లాడిందంతా కలిపితే అర కాయితమా?"

"అందులోనూ సగం మీ పేరూ, నియోజకవర్గమూనే."

"సరిగ్గా వెతికారా?"

"ప్రమాణ స్వీకారాలు నాలుగున్నాయి."

"అదిగో! అవి వెయ్యండి."

"అవి మీ మాటలు కావండీ. రాసిచ్చిందే అందరూ చదువుతారు. అందులోనూ రెండోసారి ఒక లైను మింగేశారు."

"సరే, తరవాత?"

"'అధ్యక్షా, ఏసీ కాస్త తగ్గించమనండి.' ఇది మొదటి దఫాలో."

"ఆ రోజు చలికి వణికిపోయాం. సభ్యులందరి తరఫునా నేనే లేచాను. ప్రజాసమస్య కిందకి రాదూ?"

"రాదండీ."

"ఇంకా?"

"'అధ్యక్షా, వినపడట్లేదు.' ఇది మూడో దఫాలో. అప్పుడు మాట్లాడుతున్నది ముఖ్యమంత్రిగారు. ఆయన మీ వంక చూడగానే 'వినపడుతోంది అధ్యక్షా' అని కూడా అన్నారు."

"రెండూ రాశారా?"

"ఏదంటే అది రాస్తామండీ."

"మరి బల్లలు చరిచింది?"

"అది 'అధికారపక్ష సభ్యులు బల్లలు చరిచారు' అని ఉంటుంది. పేర్లుండవు."

"అన్యాయమమ్మా! అందరికంటే గట్టిగా చరిచింది నేనే. కావాలంటే ఈ అరచెయ్యి చూడండి."

"అంత అర్జెంటుగా ఇప్పుడెందుకండీ ఈ ప్రసంగాలు?"

"మంత్రివర్గం మారుస్తున్నారు. ఉన్నది ఒక్క ఖాళీ. దానికి నేనూ, మా పక్క నియోజకవర్గం లాయరూ. సభలో మాట్లాడినవన్నీ సాయంత్రంలోగా పంపమని ముఖ్యమంత్రిగారు ఇద్దరికీ కబురు పెట్టారు. ఆ లాయరు మూడు సంపుటాలు పంపాడట, అట్టలేయించి మరీ. ఇది పోతే ఈ వయసులో నాకు మళ్లీ రాదమ్మా. అక్కడ మా ఆవిడ అప్పుడే సోఫా కవర్లు మార్పించేసింది."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"పుట్టించండి."

"ఏంటండీ?"

"ఓ రెండు ప్రసంగాలు. మంచినీళ్ల మీద ఒకటి, ఆడవాళ్ల మీద ఒకటి. పాత తేదీలు వేసి. మీ రాత బాగుంటుందని అందరూ అంటారు. మీ సర్వీసు ఇంకో రెండేళ్లు పొడిగించే పూచీ నాది."

"పుట్టించడం మా పని కాదండీ. ఎవరేమన్నారో వాళ్ల పేరున రాయడం వరకే. సర్వీసు సంగతంటారా, ఈ చేతికి ఇక విశ్రాంతి కావాలి."

"అలా అంటే ఎలాగమ్మా! నన్ను నోరులేనివాణ్ణనుకుంటున్నారేమో. వార్డు మెంబరుగా ఉన్నప్పుడు చూడాల్సింది నన్ను. మెట్ల మీద నా గొంతు వినపడితే చాలు, కమిషనరు వెనక గుమ్మంలోంచి స్కూటరు నెట్టుకుంటూ పోయేవాడు. మా వీధికి కుళాయి ఎలా వచ్చిందనుకున్నారు? పదకొండు మీటింగుల్లో అరిచాను. పన్నెండో మీటింగులో నేనిలా లేచానో లేదో, 'ఇచ్చాం బాబూ, ఇచ్చాం, కూర్చో' అన్నారు."

"మరి ఆ నోరేమైందండీ?"

"మునిసిపల్ ఛైర్మన్ అయ్యాక సగం పడిపోయింది. అరిచేవాళ్లకి సర్దిచెప్పే కుర్చీ కదా అది. ఇక్కడికొచ్చిన మొదటిరోజే మా విప్‌గారు భుజం మీద చెయ్యేసి, 'అన్నా, ఇక నీ నోరు పార్టీది' అన్నారు. ఆ పూటే అప్పగించేశాను."

"ఒక్కసారి వెనక్కి తీసుకున్నట్టున్నారండీ."

"ఎప్పుడు?"

"రెండో దఫాలో. ఇదిగో చూడండి, మీ పేరు, దాని కింద చుక్కలు."

"ఈ చుక్కలేంటి?"

"రికార్డులోంచి తొలగించిన చోట చుక్కలు పెడతామండీ. ఇవి ఆరు నిమిషాల చుక్కలు."

"ఆరు నిమిషాలా! నేనా? ఎవరు తీయించారమ్మా? ప్రతిపక్షం వాళ్లేనా?"

"మీరేనండీ. 'ఆవేశంలో అన్నాను, తొలగించ ప్రార్థన' అని మర్నాడు పొద్దున్నే ఉత్తరం ఇచ్చారు."

"అవునా? అవున్లే. అవును. కాసిని మంచినీళ్లుంటే ఇప్పించండి."

"ఇదిగోనండీ."

"విప్‌గారే రాసుకొచ్చారు ఆ ఉత్తరం. నేను సంతకం పెట్టాను. ఏమన్నానో ఏమో ఆ రోజు. ఇప్పుడెవరికి గుర్తుంటుంది!"

"నా దగ్గరుందండీ."

"ఏంటీ?"

"మేం వంతులు వేసుకుని కూర్చుంటామండీ సభలో, తలా పది నిమిషాలు. మీ ఆరు నిమిషాలూ నా వంతులో పడ్డాయి. అచ్చులోంచి తీసేశారు గానీ, నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం ఎవరూ అడగలేదు. నేనూ ఇవ్వలేదు."

"రూలు ప్రకారం తప్పు కదమ్మా!"

"తప్పే. ముప్పై ఏళ్లలో చేసిన తప్పు ఇదొక్కటే."

"చదవండి."

"'అధ్యక్షా, నిన్న మా ఊళ్లో మ్యాన్‌హోల్లోకి దిగినవాడు పైకి రాలేదు. వాడు మునిసిపాలిటీలో పాకీ పనివాడు. నేను వార్డు మెంబరుగా గెలిచిన రోజు నన్ను భుజాల మీదికెత్తుకుని వీధులన్నీ తిప్పాడు. దించమంటే దించలేదు.'"

"దించలేదు. నిజమే. 'నడవడానికైతే నీకు ఓటెందుకన్నా, కూర్చో' అన్నాడు."

"'నిన్న వాణ్ణి పైకి లాగడానికి మునిసిపాలిటీలో ఒక్క తాడు లేదు అధ్యక్షా. నేను ఛైర్మన్‌గా ఉన్నప్పుడూ లేదు. అప్పుడు నేను కొనిపించలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మన ప్రభుత్వమే అయినా అడుగుతున్నాను. నాకు సిగ్గేస్తోంది అధ్యక్షా.' ఇక్కడ రెండు మాటలు లేవండీ."

"అవీ తీసేశారా?"

"లేదండీ, నా చెయ్యి ఆగిపోయింది. ఈ సభలో ఎన్ని తిట్లు, ఎన్ని దొంగ ఏడుపులు రాశానో, ఎప్పుడూ ఆగలేదు. ఆ రోజు కళ్లకి కాయితం కనపడలేదు."

"ఆ రెండూ నాకు గుర్తొస్తున్నాయమ్మా. వాడికి నాలుగేళ్ల కూతురుందన్నాను. పెద్దయ్యాక ఆ పిల్ల మన దగ్గరికొచ్చి అడిగితే ఏం చెబుదామన్నాను."

"అవునండీ. అదే."

"ఇది నేనేనంటారా?"

"మీరేనండీ. సభలో మీరు మాట్లాడింది ఇదొక్కటే. ఆ లాయరుగారి మూడు సంపుటాలూ దీని ముందు తీసికట్టే."

"కొట్టండి టైపు! పంపేద్దాం. మంత్రినైతే మొదటి సంతకం తాళ్ల మీదే పెడతాను. ఊరూరా తాళ్లు, మాస్కులు. ఒట్టు, చూస్తూ ఉండండి."

"టైపు చేసే ఉంచానండీ. ఎప్పటికైనా మీరు వచ్చి అడుగుతారని ఆశ. కింద సంతకం పెట్టండి, మీ మాటలేనని."

"మరి మీకేం ఇబ్బంది లేదుగా?"

"తెలిస్తే పెన్షన్ ఆపుతారేమో. ఆపుకోనివ్వండి."

"అమ్మా, మీ రుణం తీర్చుకోలేను. పెన్ను ఇలా ఇవ్వండి. ఉండండుండండి, ఫోను. ముఖ్యమంత్రిగారే! నమస్కారమండీ! ఆఁ, రికార్డుల గదిలోనే ఉన్నానండీ. మీరడిగినవే, పంపించేస్తున్నా... ఏంటండీ? లాయరు పేరు కొట్టేశారా! అయ్యో, ఎందుకండీ?... మూడు సంపుటాల్లో ఎక్కడో మన ప్రభుత్వాన్నే నాలుగు మాటలన్నాడా! అందుకా తమరు ప్రసంగాలు తెప్పించింది!"

"సార్, సంతకం."

"ఉండమ్మా. నావాండీ? నావి అర కాయితమేనండీ. అదీ ఏసీ గురించి. హహ్హ! అవునండీ, తమరి క్రమశిక్షణేనండీ... రేపు పదింటికా! ప్రమాణ స్వీకారమా! ఎంత మాటండీ, ఏమిచ్చి తమరి..."

"సార్."

"ష్! చెప్పండి సార్, వింటున్నా... ఎవరన్నారండీ?... మ్యాన్‌హోలా? రెండో దఫాలోనా? ఎవడో పాకీ పనివాడి గురించి నేను మాట్లాడానా? లేదండీ, లేదు లేదు. వాడెవడో నాకసలు తెలియదండీ."