మ్యాట్ మేకులు

(మస్కట్‌లోని రూవి, 1977. గురువారం సాయంత్రం, డ్యూటీ దిగాక, ఒక కట్టడాల కంపెనీ సైట్ ఆఫీసు. కుర్చీలో టైమ్‌కీపర్ సత్యరాజు: కాకినాడ బి.కాం., కంపెనీ క్రికెట్ టీముకు కెప్టెన్. బల్లకు ఇవతల నిలబడినవాడు జగిత్యాల వైపు తాపీమేస్త్రీ. తెల్లారితే రోడ్డు కంపెనీ టీముతో ఆఖరి మ్యాచ్.)

“...పిచ్ మీద పరిచే పీచు మ్యాట్ తడిపి ఎండెయ్యాలి, మేకులు కొత్తవి కొట్టాలి, రోలరు రెండుసార్లు లాగాలి, సున్నంతో గీతలు గియ్యాలి, మంచినీళ్ల డ్రమ్ము నింపాలి, బౌలర్ని తేవాలి. ఇందులో ఏమేం అయ్యాయి?”

“ఆఖరిది తప్ప అన్నీ అయినయ్ సార్.”

“ఆఖరిదే కదయ్యా అసలు పని! మన ఫాస్ట్ బౌలర్ చెయ్యి విరగ్గొట్టుకుని రూమ్‌లో పడుకున్నాడు. రేపు ఓడితే టీమూ వద్దు గీమూ వద్దు, మ్యాట్ అవతల పారేయిస్తానని మేనేజరు నా మొహం మీదే చెప్పాడు. నిన్ను మూడు చోట్లకి పంపించాను. ఏం చూసొచ్చావో చెప్పు. సాగదియ్యకు.”

“మొదట ఆస్పత్రి టీము కాడికి పోయిన సార్. నోవహు అని కంపౌండరు...”

“నోవహా? మా ప్రార్థన కూటంలో పాట ఎత్తుకుంటే రెండో చరణానికే గొంతు పడిపోద్ది వాడికి. వాడు ఎనిమిది ఓవర్లేస్తాడా?”

“బాల్ మంచిగ తిప్పుతడు సార్. గాలిలనే లోపలికి మళ్లుతది. మెల్లగొస్తది గని...”

“మెల్లగొస్తే నేను నడుచుకుంటూ వెళ్లి కొడతాను. అయినా వాళ్ల మనిషిని అరువిస్తే ఆస్పత్రివాళ్లకి బదులు మనమేం ఇస్తాం? కాంక్రీటు మిక్సరా? తర్వాత.”

“రంగుల కొట్టు తంకప్పన్. కేరళాయన.”

“మనిషి ఎలా ఉంటాడు?”

“పొట్టిగుంటడు. జెర బొర్ర...”

“చాలు.”

“బాల్ సూడాలె సార్ మీరు. ఆరు బాల్స్ ఏస్తే ఇటుక మందం తేడా లేకుంట ఒక్క కాన్నే పడ్డయి. మట్టం పెట్టి సూస్కున్నట్టు.”

“బౌలర్ని చూసి రమ్మంటే గోడని చూసొచ్చావన్నమాట. బదులేం అడిగారు?”

“మన వంటాయనను.”

“వాడి చారు తాగలేక చస్తున్నాం, ఇచ్చేద్దును. కానీ రేపణ్ణుంచి క్యాంపంతా పళ్లేలు పట్టుకుని నా మీదకొస్తారు. వద్దు. కొత్త బంతిచ్చి ఆ పొట్టాణ్ని పరిగెత్తమంటే జనం నవ్వుతారు. మూడోవాడు?”

“బాబు మియా. రోడ్డు కంపెనీల టిప్పర్ డ్రైవరు.”

“ఆఁ! అతనూ. పోయిన నెల చూశాను నేను. ఆరడుగుల మనిషి. తెల్ల బూట్లు. ఇరవై అంగల దూరం నుంచి పరిగెత్తుకొస్తాడు.”

“ఇరవై రెండు సార్. నేను పక్కపొంటి నడిచి సూసిన. గని రెండు ఓవర్లే. మూడో ఓవర్ల పదహారుకు దిగిండు. నాలుగో ఓవర్ల తొమ్మిది. ఎడమ మోకాలు పోయింది సార్ ఆయనకు.”

“నువ్వు డాక్టరువా?”

“క్లచ్ తొక్కీ తొక్కీ పోయింది. కుడిచేత్తోని ఏసేటోనికి బరువంత ఎడమ కాలు మీదనే పడ్తది గద సార్. కాలు మోపంగనే మొకం ముడుసుకపోతది. బాల్ నడిమిట్లనే పడ్తది. ఎవలైన కొడ్తరు.”

“ఎవలైన కొడ్తరు! ఎవరు కొడతారో నువ్వు నాకు చెప్పాలా? కాలేజీ టీముకి మూడేళ్లు ఆడినవాణ్ని. నువ్వెక్కడ నేర్చావయ్యా క్రికెట్టు, గమేళా మోస్తూనా?”

“బొంబాయిల సార్. ఒక మైదానంల మూడేండ్లు పనిజేసిన. రోలర్ గుంజుడు, నెట్ల బాల్ ఏసుడు. పెద్ద పెద్దోళ్లకు ఏసిన.”

“ఏసుంటావు, ఏసుంటావు. నాకూ రోజూ ఏస్తున్నావుగా.”

“గదే సార్ నేను అడుగుదామనుకున్నది. రేపు కొత్త బాల్ నాకియ్యుండ్రి. మూడు ఓవర్లు. మంచిగ లేకపోతే తీసెయ్యుండ్రి. మల్ల జిందగీల అడుగ.”

“నీకా?”

“ఈ వారంల నెట్ల మీరు నాకు ఐదుసార్లు అవుటయిండ్రు సార్.”

“మేకు ఊడి మ్యాట్ లేచింది. అప్పుడే చెప్పానా లేదా?”

“సోమారం గూడ మేకేనా సార్?”

“సోమవారం రెండు మేకులు.”

“ఆ మేకులు కొట్టింది నేనే సార్. మూరెడు ఇనుము. సుత్తెతోని గాదు, సమ్మెటతోని దించిన.”

“అంటే నీకు మేకు కొట్టడం కూడా రాదు. ఇంక బంతేం వేస్తావు?”

“...సరే సార్.”

“మొహం అలా పెట్టకు. ఎడం చేత్తో తాపీ పట్టేవాడికి కొత్త బంతిచ్చానంటే మేనేజరు నన్ను సిమెంటులో కలిపేస్తాడు. టీమంటే చూడ్డానికి ఓ తీరుండాలి. తెల్ల ప్యాంటుందా నీకు?”

“లేదు సార్.”

“బూట్లు?”

“సైట్ బూట్లున్నయ్.”

“చూశావా! బాబు మియానే తెస్తున్నాం. వాళ్లతో మాట్లాడావా, ఊరికే మోకాళ్లు చూసొచ్చావా?”

“మాట్లాడిన. వాళ్ల కెప్టెన్ స్టోర్‌కీపర్ మురాద్ భాయ్, బలూచీ ఆయన. కాయితం రాసి ముద్రేసి ఇచ్చిండు. బాబు మియాను మనకిస్తరట. బదులు ఒక తాపీమేస్త్రీని ఆర్నెల్లకు పంపాల్నట. వంతెన గోడలు ఆగి ఉన్నయి వాళ్లయి.”

“మేస్త్రీకి బదులు ఆరడుగుల బౌలరా! వీళ్లకి ఆటా తెలీదు, బేరమూ తెలీదు. తారు వాసన పీల్చీ పీల్చీ బుర్రలు కరిగిపోయినట్టున్నాయి.”

“సార్, ఒక్క మాట. రేపు మన ఆట వాళ్లతోనే గద.”

“అయితే?”

“పొద్దుగాల ఆట పెట్టుకోని, వాళ్ల బౌలర్ను వాళ్లే ఎందుకిస్తున్నరు?”

“గోడలు ఆగాయని ఇప్పుడే కదా చెప్పావు. నీకెందుకయ్యా ఇవన్నీ? ఇటియ్యి కాయితం... ‘బాబు మియా, డ్రైవరు. బదులుగా మేస్త్రీ ఒకరు. కాయితం అందిన రోజు నుంచే.’ పేరు దగ్గర ఖాళీగా వదిలేశాడేంటి?”

“మీరే నింపాల్నట సార్.”

“ఎవణ్ని పంపుదాం?”

“మీ ఇష్టం. మన మేస్త్రీలు ముగ్గురే గద.”

“మల్లేశం ప్లాస్టరింగ్ బాగా చేస్తాడు, వాణ్నివ్వను. భీమన్న పోయినసారి రెండు క్యాచులు పట్టాడు, వాడు రేపు కావాలి. ఇంకెవడు? నువ్వే వెళ్లు.”

“నేనా సార్?”

“నువ్వే. ఇక్కడ నువ్వు లేకపోతే ఆగిపోయేదేముంది? రోలరు ఎవడైనా లాగుతాడు.”

“మల్లేశం నా మేనత్త కొడుకు సార్. రెండేండ్ల సంది ఒక్క రూమ్‌లనే ఉంటున్నం. వాడు సల్లారినంక తింటడు, నేను ఉడుకుడుకుది తింట. ఇంకోపారి ఆలోచన జెయ్యుండ్రి.”

“ఉడుకుడుకుది అక్కడా పెడతారు. వాళ్ల క్యాంపు సీబ్‌లోనేగా, అదేమన్నా సముద్రం అవతలుందా?”

“రాసేముందు ఒక్కపారి మ్యాట్ కాడికి రాండ్రి సార్. ఇంక వెలుతురున్నది. ఆరు బాల్స్. మేకులు మీరే పట్టి గుంజి సూసుకోండ్రి.”

“కలం తెరిచాక మ్యాట్ ఏంటయ్యా! నీ నంబరు రెండొందల పద్నాలుగు కదా? పేరేంటి?”

“పేరా సార్?”

“నాన్చకు. మేస్త్రీ మేస్త్రీ అనడమే గాని నీ పేరెప్పుడు కావలసొచ్చింది నాకు? పూర్తి పేరు చెప్పు.”

“గంగన్న. బొమ్మెన గంగన్న.”

“బొమ్మెన... గంగన్న. అయింది. ఇదిగో సంతకం, ఇదిగో మన ముద్ర. పట్టు. వ్యాన్‌లో వెళ్లి ఇది ఇచ్చేసి, అదే వ్యాన్‌లో బాబు మియాని ఎక్కించి పంపు. తెల్ల బూట్లు మర్చిపోవద్దని చెప్పు. ఏంటి, ఎందుకు నవ్వుతున్నావు?”

“నవ్వుడు గాదు సార్. పందెం ఓడిన.”

“ఏం పందెం?”

“మొన్న బాబు మియాను సూడవోయినప్పుడు మోకాలు పట్టుకోని ఆయన పక్కకు కూసున్నడు. ఊకెనే నిలబడ్డనని బాల్ నా చేతికిచ్చిండ్రు. నాలుగు ఓవర్లు ఏసిన. ముగ్గురివి వికెట్లు లేసినయ్. మురాద్ భాయ్‌ది రెండుసార్లు. వాళ్లది గూడ పీచు మ్యాటే సార్.”

“...ఊఁ?”

“గప్పుడే రాసిండు ఈ కాయితం. నా పేరు రాయవోతుంటే నేనే చెయ్యి పట్టుకున్న. ‘మా సార్ నన్నియ్యడు భాయ్, రోజు నా బాల్ ఆడేటాయన, ఆయనకు ఎర్కనే’ అన్న. ‘అయితే ఖాళీ ఉంచుత, మీ సారే నింపుతడు సూడు’ అన్నడు. నా పేరు నింపడని చాయ్ పందెం కాసిన. నింపకపోతే వాళ్లది చాయ్. నింపితే నాది చాయ్, రేపు వాళ్ల టీముల కొత్త బాల్ గూడ నాదే.”

“ఆ కాయితం ఇటియ్యి.”

“ముద్ర పడ్డది సార్.”

“ఇటియ్యమన్నానా! గంగన్నా, ఆగు... ఆగవయ్యా. మ్యాట్ దగ్గరికి పోదాం పద, చూస్తాను, ఆరు కాదు పన్నెండు వెయ్యి...”

“పొద్దు గూకింది సార్. రేపు సూడుండ్రి, బ్యాటింగ్‌కు మొదలు దిగేది మీరే గద. వ్యాన్ ఎక్కేముందు మేకులన్నీ మల్లొకపారి సమ్మెటతోని కొట్టి పోత, ఒక్కటి గూడ ఊడది. పేరు మీ చేతితోనే రాసిండ్రు, బొమ్మెన గంగన్న. జెర యాది పెట్టుకోండ్రి.”