గాజు పలక మీద వేలు

కారు ఫ్యాక్టరీ రెండో గేటు ఎదురుగా టీకొట్టు బల్ల మీద వెల్డింగు మేస్త్రి కూర్చున్నాడంటే వినేవాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. అందరూ అతన్ని కోతల మేస్త్రి అనేవాళ్ళు. అతనికీ తెలుసు, నవ్వేసి ఊరుకునేవాడు. ఆ సాయంత్రం మాత్రం అతని గొంతు మరీ పెద్దగా ఉంది. పక్కన పెయింటింగులో పనిచేసే బావమరిది, ఎదురుగా ఏళ్ళ తరబడి ప్రెస్సులో రేకులు వంచిన పెద్దాయన.

“పొద్దున కొత్త పని నేర్పే క్లాసుకి వెళ్ళామా, పంతులమ్మ తలా ఒక గాజు పలక చేతిలో పెట్టి, ‘ఇకమీదట మరమనిషికి పని చెప్పేది దీంతోనే, తొందరపడి ముట్టుకోకండి’ అంది. నేనూరుకుంటానా? చిటికెన వేలు అలా ఆనించానో లేదో, గది అవతల ఇనప చెయ్యి లేచి నాకు దణ్ణం పెట్టింది!”

“ఒంటిచేత్తో దణ్ణమేంటయ్యా?” అంది టీకొట్టావిడ.

“పక్కదాని చెయ్యి బదులు తెచ్చుకుందమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పనితనం ఒక్కసారి చూపిస్తే ఇట్టే పట్టేసింది. నాలాగే అతుకు వేస్తుంది, నాలాగే మెడ గోక్కుంటుంది. అది చూసి షెడ్డులో మరమనుషులన్నీ నా వెనకే వరస కట్టాయి. భోజనానికి పోతే అక్కడికీ వచ్చాయి, పళ్ళేలు పట్టుకుని!”

“అవేం తింటాయి?”

“నట్లూ బోల్టులూ! తిని ఊరుకున్నాయా? రేకు రాకముందే కారు కట్టేస్తున్నాయి. ఒక కారైతే డ్రైవరు లేకుండానే గేటు దాటి, కొనేవాడి ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. ఆ మహానుభావుడు కారు కొందామని ఇంకా అనుకోనే లేదు!”

టీకొట్టావిడ పడీపడీ నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. మొహం విప్పారింది. జేబులోంచి కూతురి ఫోను తీసి రెండు చేతులా అందించాడు.

“దేవుడిలా దొరికావు నాయనా. రేపే నాకు పరీక్ష. తప్పితే ఇంటికే అన్నారు. అభ్యాసం చేసుకోమని ఇందులో ఏదో పెట్టారు. కాస్త తెరిచి చూపించు.”

మేస్త్రి నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. ఫోను తీసుకున్నాడు. వేలు ఆనించాడు. తెర కదల్లేదు. వేలు లాగుకి తుడుచుకుని గట్టిగా నొక్కాడు. నిప్పురవ్వలు పడీపడీ చెప్పుతోలులా మొద్దుబారిన వేలు. గాజుకి అది మనిషి వేలని తెలియలేదు.

“నీకూ అంతేనా?” అన్నాడు పెద్దాయన నీరసంగా.

“చాలు బావా,” అన్నాడు బావమరిది, తల దించుకుని. “క్లాసులో నీ వెనక బల్ల నాదే కదా. పలక నీ వేలు పట్టుకోలేదు. నీకు రాదని తేల్చేశారు. మధ్యాహ్నానికి గేటు కార్డు కూడా తీసేసుకున్నారు.”

స్టవ్వు బుస్సుమంటోంది.

“‘వేలు మొద్దుబారిందయ్యా, నాకు తెలియక కాదు’ అని చెప్పాల్సింది కదా?” అన్నాడు పెద్దాయన చివరికి.

“చెప్పాను.” మేస్త్రి వేలు మళ్ళీ లాగుకి తుడుచుకున్నాడు. “పంతులమ్మ మా సూపర్వైజరు వంక చూసింది. వాడు నవ్వి, ‘ఇతని మాటలు పట్టించుకోకండి మేడం, కోతలు కోస్తాడు’ అన్నాడు.”

పెద్దాయన ఫోను వెనక్కి తీసుకుని తన వేళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

“అక్కకి నేను చెప్పనా బావా?”

“వద్దురా. నేనే చెప్తాను.”

మేస్త్రి లేచి ఇంటి దారి పట్టాడు. మొదటి మాట ఏమనాలో వీధి చివరిదాకా వెతుక్కున్నాడు. ఎన్ని కథలు అల్లిన నోరో అది, ఆ ఒక్క నిజానికి మాట దొరకలేదు.